డబ్బిస్తే కాన్ఫరెన్స్‌లో సీటు ఇస్తారా?

మేనేజ్‌మెంట్ కోటా అంటే మనకి ఎవరూ వివరించక్కర్లేదు. కానీ అమెరికాలో ఏకంగా యూనివర్సిటీలే అలాంటి సీటు కోసం తిరుగుతాయని తెలిసినప్పుడు నాకు భలే ఆశ్చర్యం వేసింది.

అక్కడ కాలేజీ ఫుట్‌బాల్ (మన ఫుట్‌బాల్ కాదు, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట) కోట్ల డాలర్ల వ్యాపారం. కొన్ని యూనివర్సిటీలు కలిసి ఒక కాన్ఫరెన్స్‌గా ఏర్పడి, తమలో తాము ఆడతాయి. ప్రసార హక్కులు కాన్ఫరెన్స్ అమ్ముతుంది, వచ్చిన సొమ్ము సభ్యులు పంచుకుంటారు. అందుకే పెద్ద కాన్ఫరెన్స్‌లో చోటు దొరకడం అంత ముఖ్యం.

డాలస్‌లోని సదరన్ మెథడిస్ట్ యూనివర్సిటీ, అంటే ఎస్‌ఎంయూ కథ చూడండి (మన సీనియర్లు ఎమ్మెస్‌కి వెళ్లే డాలసే). ఆటగాళ్లకి దొంగచాటుగా డబ్బులిస్తున్నారని 1987లో వాళ్ల ఫుట్‌బాల్ సీజన్ మొత్తం రద్దు చేశారు. 1996లో వాళ్లున్న సౌత్‌వెస్ట్ కాన్ఫరెన్స్ మూతపడింది. టెక్సస్, బేలర్ లాంటివి బిగ్ 12లోకి వెళ్లిపోయాయి, ఎస్‌ఎంయూని ఎవరూ పిలవలేదు. తర్వాత పాతికేళ్లకు పైగా చిన్న కాన్ఫరెన్స్‌లలోనే తిరిగింది.

2023లో ఏసీసీ అనే పెద్ద కాన్ఫరెన్స్ దగ్గరికి వెళ్లి ఒక మాట చెప్పింది: "తొమ్మిదేళ్లు టీవీ సొమ్ములో మా వాటా మాకొద్దు." తెలివంతా ఇక్కడే ఉంది. కొత్త సభ్యులు చేరితే వాళ్ల పేరున ఈఎస్‌పీఎన్ అదనంగా డబ్బు కట్టాలని ఏసీసీ ఒప్పందం. ఎస్‌ఎంయూ అది వదులుకుంటే పాత సభ్యుల జేబులోకే వెళ్తుంది. అయినా 15 మందిలో 12 మంది ఒప్పుకోవాలి. సరిగ్గా 12 ఓట్లే పడ్డాయి. ఫ్లోరిడా స్టేట్, క్లెమ్సన్, నార్త్ కరోలినా వద్దన్నాయి. మరి ఖర్చులకి? పూర్వ విద్యార్థులు, దాతలు వారం రోజుల్లోనే 10 కోట్ల డాలర్లు పోగుచేశారు.

అయితే డబ్బుతో సీటు కొన్నట్టేనా? నాకు పూర్తిగా అలా అనిపించదు. 2025లో మెంఫిస్ యూనివర్సిటీ బిగ్ 12కి స్పాన్సర్‌షిప్‌తో సహా 20 కోట్ల డాలర్లకు పైగా విలువైన ఆఫర్ ఇచ్చిందని వార్తలొచ్చాయి. అంటే ఎస్‌ఎంయూ దాతల సొమ్ముకి రెట్టింపు! వాళ్లు వద్దన్నారు. బిగ్ 12లో అప్పటికే 16 మంది ఉన్నారు, ఇంకొకరి అవసరం లేదు. ఏసీసీ పరిస్థితి వేరు. ఉన్నవాళ్లలో ఎవరు జారిపోతారో అన్న భయం, పక్కనే పాక్-12 కుప్పకూలడం కళ్లారా చూసిన దిగులు. తలుపు అప్పటికే కాస్త తెరుచుకుని ఉంది కాబట్టి ఎస్‌ఎంయూ డబ్బు పనిచేసింది.

రూలు కూడా అలాగే ఉంది. కింది స్థాయి నుంచి పై స్థాయి ఫుట్‌బాల్‌కి మారడానికి దరఖాస్తు ఫీజు ఒకప్పుడు 5 వేల డాలర్లు. 2023లో దాన్ని 50 లక్షల డాలర్లు చేశారు. ఆ ఫీజు కట్టగలిగినా, ఏదో ఒక కాన్ఫరెన్స్ పిలవనిదే దరఖాస్తు కదలదు.

ఇంతకీ లోపలికెళ్లాక ఏమైందంటే, 2024లో మొదటి సీజన్‌లోనే ఎస్‌ఎంయూ కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు ఎనిమిదికి ఎనిమిదీ గెలిచింది. ఫైనల్లో 34-31తో ఓడిపోయింది. ఓడించింది ఎవరో కాదు, వీళ్లని రానివ్వొద్దని ఓటేసిన క్లెమ్సనే.