ఐదు మైళ్ల ఇల్లు: పితోరాగఢ్ నుంచి తాండూరు దాకా

లారీ బేకర్ అనగానే మన సివిల్ వాళ్లకు కేరళ ఇటుక ఇళ్లు గుర్తొస్తాయి. కానీ ఆయన పెద్ద పాఠం నేర్చుకున్నది హిమాలయాల్లో. 1917లో బర్మింగ్‌హామ్‌లో పుట్టిన ఈ ఆర్కిటెక్టు, కుష్ఠురోగుల ఆశ్రమాల పని మీద 1945లో మన దేశానికి వచ్చాడు. ఎలిజబెత్ జేకబ్ మలయాళీ డాక్టరు. అప్పట్లో ఆమె పనిచేస్తున్నది మన హైదరాబాదులోనే! 1948లో పెళ్లి చేసుకుని, కొత్త దంపతులు కుమావూ కొండల్లోని పితోరాగఢ్ వైపు వెళ్లారు. డాక్టరమ్మ వచ్చిందని తెలిసి జనం రావడం మొదలైంది. ఇంకేముంది, అక్కడే ఇల్లూ ఆసుపత్రీ కట్టుకుని దాదాపు 16 ఏళ్లు ఉండిపోయారు.

బేకర్ గాంధీజీని అంతకుముందే బొంబాయిలో కలిశాడు. ఇంటికి కావలసిన సరుకంతా ఐదు మైళ్ల లోపలే దొరకాలన్నది గాంధీజీ ఆయనకు చెప్పిన మాట. ఐదు మైళ్లంటే ఎనిమిది కిలోమీటర్లు. ఆ మాట ఎంత నిజమో కొండ ఊళ్ల ఇళ్లే ఆయనకు చూపించాయి. మందపాటి రాతి గోడలు, మట్టి అడుసు, పలక రాళ్ల కప్పు, చిన్న కిటికీలు. కింద పశువులు, పైన మనుషులు. పశువుల ఒంటి వేడి పై అంతస్తుకు ఎక్కుతుంది. రాయి వేడిని ఆపదు, మందంగా ఉంటే ఆలస్యం చేస్తుంది, అంతే. పగటి ఎండ గోడ దాటి లోపలికి వచ్చేసరికి రాత్రవుతుంది, అప్పుడే కదా అక్కడ వేడి కావలసింది.

ఇప్పుడు ఇదే సూత్రం మన జిల్లాకు పెట్టి చూద్దాం. వికారాబాద్‌కూ తాండూరుకూ సుమారు 40 కిలోమీటర్ల దూరం, కానీ నేల పూర్తిగా వేరు. అనంతగిరి పక్కన ఎర్ర మొరం, లాటరైట్ రాయి. తాండూరు దిక్కు నల్లరేగడి, దాని కింద సున్నపురాయి పొరలు. ఆ పొరలను బండలుగా లేపితే అవే తాండూరు బండలు. మా దగ్గర వాటిని నేలకే కాదు, నిలబెట్టి కంచెగా, దూలాల మీద పరిచి కప్పుగా కూడా వాడేవాళ్లు. నేల మీద బండ మన పాదం వేడిని గుంజుకుని భూమిలోకి పంపుతుంది. పితోరాగఢ్ జనవరిలో అది శిక్ష, తాండూరు ఏప్రిల్‌లో వరం. కప్పు సంగతి వేరు. పలుచటి బండ మధ్యాహ్నానికే కాలిపోతుంది. అందుకే పాతవాళ్లు పైన మట్టి మందంగా వేసేవాళ్లు. ఆ మట్టి తీసేసి ఉత్త బండ ఉంచి, "పాత ఇల్లు వేడి" అనడం అన్యాయం.

మరి సిమెంటు? తాండూరులో సిమెంటు ఫ్యాక్టరీలు ఉన్నాయి కాబట్టి అది కూడా ఐదు మైళ్ల సరుకే కదా అని మా క్లాసులో ఒక వాదన వచ్చింది. గట్టి వాదనే. కానీ క్లింకర్ తయారు కావడానికి దాదాపు 1450 డిగ్రీల వేడి కావాలి, ఆ వేడికి బొగ్గు ఎక్కడి నుంచో రావాలి. బండకు కోత ఒక్కటే ఖర్చు. దూరం ఒక్కటే లెక్క వేస్తే సరిపోదు, ఎంత మంట పెట్టామో కూడా లెక్కలోకి రావాలి.

అసలు చిక్కు పునాది దగ్గర. గట్టిగా గడ్డకట్టే చలి దేశాల్లో నేలలో నీరు మంచుగా మారి ఉబ్బుతుంది, అందుకే మంచు అందని లోతుకు పునాది తీస్తారు. మన రేగడిలో మంచు లేదు, మాంట్‌మోరిల్లొనైట్ అనే బంకమన్ను ఖనిజం ఉంది. వానకు ఉబ్బుతుంది, ఎండకు నెర్రెలు విచ్చుతుంది. గోడ మూలల్లో, కిటికీల పైన ఏటవాలు పగుళ్లు అందుకే. మేస్త్రీని తిట్టి లాభం లేదు. మా అమ్మానాన్నలు ఇప్పుడు తాండూరులో రేగడి ప్లాటులోనే ఇల్లు మొదలుపెడుతున్నారు. "రెండు ఫీట్ల పునాది చాలు బిడ్డా, అందరూ అట్లనే కట్టిన్రు" అంటడు నాన్న. అమ్మ నా దిక్కు చూస్తది. పొదుపంతా అందులోనే ఉంది మరి.

నేను చెప్పింది ఇది: రూర్కీలోని సీబీఆర్ఐ ఇలాంటి నేల కోసమే అండర్ రీమ్డ్ పైల్స్ అభివృద్ధి చేసింది. సన్నటి పైలుకు అడుగున ఉల్లిగడ్డలా ఉబ్బు ఉంటుంది. ఆ ఉబ్బు వెడల్పు మామూలుగా పైలు వెడల్పుకు రెండున్నర రెట్లు. సుమారు మూడున్నర మీటర్ల లోతున, తేమ పెద్దగా మారని చోట అది పట్టుకుంటుంది, పైన రేగడి ఉబ్బినా ఇల్లు లేవదు. పైళ్ల మీది దూలానికీ నేలకూ మధ్య కొంచెం ఖాళీ వదలాలి, లేకపోతే ఉబ్బే మన్ను దూలాన్నే ఎత్తుతుంది. ముందు మట్టి పరీక్ష చేయించి, లోతు ఇంజనీరు చేత లెక్క కట్టించాలి.

ఖర్చు పెరుగుతుందని నాన్న నసిగాడు. నేలకు టైల్స్ మానేసి తాండూరు బండలే వేద్దామని అమ్మ తేల్చేసింది. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున, బయటికి వాలుగా అవే బండలు పరిచి సందులు మూసేస్తే వాన నీరు పునాది దగ్గర ఇంకదు. గోడ పక్కన వేపచెట్టు పెట్టాలన్న నాన్న కోరికను మాత్రం ప్లాటు ఆ మూలకు జరిపాం, దాని వేర్లు ఎండాకాలంలో రేగడి తడి పీల్చేస్తాయి కాబట్టి.