చేలోకి దిగే పందికి ఏ ఆయుధం?

కుందుర్పి,
జ్యేష్ఠ మాసం.

చిరంజీవి చిన్నోడికి పెదనాయన ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. బెంగళూరు పని మానుకుని వచ్చి, ఈ ఏడు గుట్ట కింది నాలుగెకరాల్లో నువ్వే చెనిక్కాయ వేస్తానన్నావు. చాలా సంతోషమైంది. ఆ వెంటనే అడవి పందులకు ఏ ఆయుధం మంచిదని అడిగావు. నాటు తుపాకి ఇప్పిస్తానని ఒకరు, కరెంటు తీగ లాగిస్తానని ఒకరు, ఉండలు పెడితే చాలని ఇంకొకరు చెప్పారట. విత్తనం కాయలు ఒలవకముందే అడిగావు, అదే మేలు. పంది చేలో పడి పోయిన తెల్లారి ఆయుధం గురించి ఆలోచించేవాడు నిదానంగా ఆలోచించలేడు.

ముందు పంది సంగతి తెలుసుకో. దానికి కంటి చూపు అంతంతే. చెవి చురుకు, ముక్కు ఇంకా చురుకు. మట్టి కింద కాయ ఊరిందో లేదో మనం పీకి చూడాలి, అది గెనెం మీద నిలబడే పసిగడుతుంది. విత్తిన వారంలో గింజ కోసం సాళ్ల వెంబడి ఒకసారి వస్తుంది. ఊడలు దిగి కాయ గట్టిపడేటప్పుడు, అంటే సెప్టెంబరు, అక్టోబరు రాత్రుల్లో, మందలుగా వస్తుంది. మందను నడిపేది ముసలి ఆడపందులు. మగది ఒంటరిగా తిరుగుతుంది, బాగా ఎదిగితే క్వింటా బరువు తూగుతుంది. తినేదానికంటే తవ్వి పారేసేదే ఎక్కువ. అందుకే ఒక్క రాత్రికి అంత నష్టం.

మా చిన్నప్పుడు ఇన్ని పందులు లేవు. చెరువులు ఎండి, వాటి కడుపుల్లో సర్కారు కంప పెరిగాక పందులకు పగలు పడుకోను చోటు దొరికింది. ఆ కంపను 1870ల్లో ఇంగ్లీషువాళ్లు కడప వైపు నాటించారు. ఇప్పుడు మన వంకలన్నీ అదే. దాని కాయలూ పందికి మేతే. పైన గుట్టలు, నడుమ కంప, కింద మన చేలు. అవి ఎక్కడికి పోతాయి?

ఇక ఆయుధాలు. మీ ముత్తాత కాలంలో ఉగాదికి, సంక్రాంతికి ఊరు ఊరంతా ఈటెలు, వలలు, కుక్కలతో గుట్టలెక్కేది. లేపాక్షి గుడి కప్పు మీద కిరాతార్జునుల బొమ్మల్లో పంది ఉంది చూడు, విజయనగరం నాటి చిత్రకారులకు ఈ జంతువు తెగువ తెలుసు. ఈటె పట్టినవాడికి ఒక కట్టుబాటు ఉండేది: ఎదురుగా ఉన్నది ఏమిటో కళ్లతో చూసి పొడవాలి. నేను నీకు ప్రతి ఆయుధం దగ్గరా అడిగే మాట అదే. ఎదురుగా ఉన్నది పందో మనిషో తెలిసి దెబ్బ వేస్తుందా, తెలియకుండా వేస్తుందా?

ఆ ఈటె వేటకు నువ్వు పోకూడదు. 1972 వన్యప్రాణి రక్షణ చట్టం వచ్చినా కొన్నాళ్లు లైసెన్సు తీసుకుని వేటాడే వీలుండేది. 1991 సవరణతో అదీ పోయింది. 2022 సవరణ తర్వాత అడవి పంది రెండో షెడ్యూలులో ఉంది. ఉచ్చు వేసినా, విషం పెట్టినా, ప్రయత్నం చేసి విఫలమైనా చట్టం దృష్టిలో వేటే. మూడేళ్ల దాకా జైలు, లక్ష దాకా జరిమానా, లేదా రెండూ.

ఉండల గురించి ఎక్కువ రాయను. పిండిలో, కొవ్వులో మందుగుండు చుట్టి పెట్టడం దుర్మార్గం. ఆ వాసన పందికే కాదు, మన ఎద్దుకూ తగులుతుంది. దవడ పగిలిన ఆవు మేత తినలేక, నీళ్లు తాగలేక రోజుల తరబడి నిలబడే చస్తుంది. 2020లో కేరళలో చూడి ఏనుగు అలాగే నోరు పగిలి ఏటిలో నిలబడి చచ్చిపోయిన సంగతి దేశమంతా విన్నది. చేలో ఆడుకునే పిల్లలకు ఆ ఉండ రాయిలానే కనిపిస్తుంది. ఆ మాట ఎత్తినవాణ్ణి మన గడప ఎక్కనీయవద్దు.

నాటు తుపాకి కూడా వద్దు. లైసెన్సు లేని తుపాకి ఇంట్లో ఉంటే చాలు, 2019 సవరణ తర్వాత తక్కువలో తక్కువ రెండేళ్ల శిక్ష. అది పేలితే కొన్నిసార్లు వెనక్కి పేలుతుంది, పట్టుకున్నవాడి చెయ్యీ కన్నూ పోతాయి. ఒక దెబ్బ వేశాక మళ్లీ మందు కూరి, రవ్వలు పోసి, గజంతో దట్టించాలి. అంతసేపూ దెబ్బతిన్న పంది ఊరుకోదు. మగపందికి భుజాల మీద చర్మం కింద మందమైన పట్టీ ఉంటుంది. పిట్టల రవ్వలు దాంట్లో ఇరుక్కుంటాయి తప్ప లోపలికి పోవు.

సరైన తుపాకి కావాలంటే చట్టంలో దారి ఉంది. 1959 ఆయుధాల చట్టం పంట కాపలా కోసం నోటి నుంచి మందు కూరే తుపాకికి లైసెన్సు ఇవ్వవచ్చంటుంది. అది చాలదని అధికారికి నమ్మకం కలిగితే, ఇరవై అంగుళాలకు తగ్గని గొట్టం ఉన్న నున్నటి గొట్టం తుపాకికి, అంటే పన్నెండు బోరు లాంటిదానికి ఇవ్వవచ్చు. రైఫిలు ఆలోచనే పెట్టుకోకు. దాని గుండు మైళ్ల దూరం పోతుంది, మన చేలల్లో రాత్రిపూట ఎక్కడ ఎవరు కావలి పడుకున్నారో చెప్పలేం. పన్నెండు బోరైనా పెద్ద రవ్వల తూటాతో ముప్పై గజాల లోపే నమ్మకం. పైగా మన నేలంతా బండరాళ్లు. రవ్వ బండకు తగిలి ఏ పక్కకు చిమ్ముతుందో కాల్చినవాడికే తెలియదు. ఇంకొకటి బాగా గుర్తుపెట్టుకో: తుపాకి లైసెన్సు తుపాకి ఉంచుకోవడానికే, పందిని చంపడానికి కాదు. చంపడానికి పదకొండో సెక్షను కింద అటవీ శాఖ అనుమతి రాతలో కావాలి. కేరళలో 2022లో ఆ అధికారం పంచాయతీ అధ్యక్షుల దాకా ఇచ్చారు. 2016లో ఉత్తరాఖండులో ఒక ఏడాది పాటు అడవి పందిని హాని జంతువుల జాబితాలో చేర్చారు. అక్కడ చెల్లింది కదా అని ఇక్కడ చెయ్యలేం. అనుమతి వస్తే తుపాకి పట్టడం అనుభవం ఉన్నవాడి పని, నీ పని కాదు. చచ్చిన పంది ప్రభుత్వానిది. మాంసం పంచుకుందామని వచ్చేవాళ్ల మాట వినకు.

ఇప్పుడు కరెంటు తీగ. నాకు భయం వేసేది దీనికే, ఎందుకంటే ఇది సులువు. బోరు స్టార్టరు దగ్గర నుంచి ఒక బైండింగు వైరు లాగి, జానెడు ఎత్తున పుల్లలకు కట్టి, రాత్రి స్విచ్చి వేస్తే పనైపోయింది. 230 వోల్టుల కరెంటు ఆగకుండా పారుతుంది, పట్టుకున్న కండరాన్ని వదలనీయదు. తడి నేల, ఉత్త కాళ్లు, చీకటి. పక్క చేను రైతు మోటారు వేయడానికి వస్తాడు. గొర్రెలు తప్పిపోయాయని కాపరి వస్తాడు. బహిర్భూమికి పోయే ఆడమనిషి వస్తుంది. ఎక్కువసార్లు తీగ కట్టినవాడే తెల్లవారుజామున స్విచ్చి తీశానో లేదో మరిచిపోయి కాలు పెడతాడు. పేపర్లో ఏటా చదువుతున్నాం. మన గుట్టల ఎలుగులు కూడా చెనిక్కాయకు దిగుతాయి. ఎలుగు మొదటి షెడ్యూలు జంతువు, అది చస్తే మూడేళ్ల నుంచి ఏడేళ్ల శిక్ష. మనిషి చస్తే కరెంటు దొంగతనం కేసు చిన్నదైపోతుంది, నరహత్య కేసు పెడతారు. కేసు సంగతి పక్కన పెట్టు. మన తీగకు మన ఊరి మనిషి ప్రాణం పోతే ఆ ఇంటి ముందు నుంచి నువ్వు ఎట్లా నడుస్తావు? నాలుగెకరాల కాయ మొత్తం పోయినా నాకు బాధ లేదు, ఆ తీగ మాత్రం మన చేలో వద్దు.

నేను చెప్పే ఆయుధం సోలారు కంచె. దాన్ని కరెంటు తీగకు తమ్ముడు అనుకోకు. దాంట్లో వోల్టులు వేలల్లో ఉంటాయి, కానీ దెబ్బ సెకనుకు ఒకసారి, సెకనులో వెయ్యో వంతు కూడా ఉండదు. నడుమ దొరికే ఖాళీలో మనిషైనా పందైనా వెనక్కి తగ్గవచ్చు. దెబ్బ బలం ఐదు జౌల్స్ దాటకూడదని ప్రమాణం ఉంది. ఆ ప్రమాణం ముద్ర ఉన్న యంత్రమే కొను, మెకానిక్కు షాపులో కట్టించింది తేవద్దు. దానికి మెయిన్ లైను ఎప్పుడూ, ఏ అవసరానికీ కలపకూడదు.

చాలామంది కంచె వేసి, పంది లోపలికి వచ్చింది, డబ్బు దండగ అంటారు. తప్పు కంచెది కాదు, ఎర్తుది. తీగలోని దెబ్బ పంది ఒంట్లోంచి నేలలోకి దిగి, నేలలోంచి ఎర్తు కడ్డీ ద్వారా యంత్రానికి తిరిగి చేరితేనే చురుక్కుమంటుంది. మన ఎర్ర గరుసు నేల పది రోజులు వాన లేకపోతే ఎండి గట్టిపడుతుంది, దాంట్లో కరెంటు సాగదు. కోస్తాలో పనిచేసే కంచె ఇక్కడ పనిచేయకపోవడానికి ఇదే కారణం. కాబట్టి రెండు పనులు చెయ్యి. బోరు నీళ్లు కారే చోట మూడు కడ్డీలు దూరం దూరంగా దిగగొట్టి, చుట్టూ ఉప్పు, బొగ్గు వేసి, వారానికొకసారి కడివెడు నీళ్లు పొయ్యి. రెండోది, తీగలన్నీ దెబ్బ తీగలు చేయకు. కిందిది నేలకు ఎనిమిది అంగుళాల ఎత్తున దెబ్బ తీగ, దాని పైన ఎనిమిది అంగుళాలకు ఎర్తు తీగ, మళ్లీ దెబ్బ, మళ్లీ ఎర్తు. పంది ముక్కు దూర్చితే రెండూ తగులుతాయి, నేల ఎండినా పని జరుగుతుంది. తడి ముక్కుకు తగిలిన దెబ్బ అది మరిచిపోదు. కాయ రుచి చూడకముందే, ఆగస్టు నాటికే కంచెలో దెబ్బ ఉండాలి. రుచి మరిగాక నొప్పికి ఓర్చి దూరతాయి. గడ్డి తీగకు తగిలితే దెబ్బ అక్కడే కారిపోతుంది, కాబట్టి కింద కలుపు పెరగనీయకు. కంచె చివర మీటరు పెట్టి చూస్తే 4,000 వోల్టులకు తగ్గకూడదు. వంక దాటే చోట తీగ కింద సందు ఉంటుంది. అక్కడ రాళ్లు పేర్చు.

ఖర్చు గురించి భయపడుతున్నావు. ఒక లెక్క చూడు. నాలుగెకరాలు చదరంగా ఉంటే చుట్టుకొలత సుమారు 510 మీటర్లు. పక్కనున్న చిన్నాయన వాళ్ల పన్నెండెకరాలూ కలిపి పదహారెకరాలకు ఒకే కంచె వేస్తే సుమారు 1,020 మీటర్లు. నేల నాలుగింతలు, తీగ రెండింతలే. యంత్రం ఒకటే, బ్యాటరీ ఒకటే, రాత్రి చూసే కళ్లు నాలుగు జతలు. బ్యాటరీ దొంగలు మన పక్కా ఉన్నారు, అందుకు కూడా మనుషులు కలిసి ఉండాలి. గెనెం తగాదా ఉందని చిన్నాయనతో మాట్లాడడం మానకు. ఆ మాట నేను కదుపుతాను.

కంచె లోపల గెనెం వెంబడి ఆముదం దట్టంగా వెయ్యి. యాసంగిలో బోరు కింద వేస్తే నాలుగు వరుసల కుసుమ వెయ్యి. కుసుమ ముళ్లు గుచ్చుతాయి, దాని వాసన కాయ వాసనను కప్పుతుంది. హైదరాబాదులో వ్యవసాయ విశ్వవిద్యాలయం వాళ్లు చెప్పిన పద్ధతే ఇది. వెంట్రుకలు చల్లడం, పాత చీరలు కట్టడం రెండు మూడు రాత్రులు పనిచేస్తాయి. తర్వాత పందులకు అలవాటవుతుంది.

ఎప్పుడైనా పంది ఎదురుపడితే, ముఖ్యంగా పిల్లల తల్లి, పరుగెత్తవద్దు. దగ్గర్లో బండ ఉంటే ఎక్కు. కోర తొడ మీద పెడుతుంది, నెత్తురు ఆగదు. బట్టతో గట్టిగా అదిమి కళ్యాణదుర్గం ఆసుపత్రికి పోవాలి. ప్రాణం కాపాడుకోను ఆ క్షణంలో కొట్టినదాన్ని చట్టం నేరంగా చూడదు. దాన్ని సాకుగా తీసుకుని వెతుక్కుంటూ పోవడం వేరు.

నష్టం జరిగితే దాచుకోకు. 2026 ఖరీఫు నుంచి పంటల బీమాలో అడవి జంతువుల నష్టం కూడా చేరుస్తామని 2025 నవంబరులో కేంద్రం ప్రకటించింది. 72 గంటల్లో ఫొటోలతో తెలపాలి. మన మండలానికి, మన పంటకు వర్తిస్తుందో లేదో రైతు సేవా కేంద్రంలో ప్రీమియం కట్టకముందే అడుగు. అటవీ శాఖ పరిహారానికి అర్జీ వేరేగా పెట్టాలి.

నువ్వు వచ్చిన వారంలో కళ్యాణదుర్గం రేంజి ఆఫీసుకు పోదాం. పాసుపుస్తకం నకలు, ఆధారు నకలు రెండేసి తెచ్చుకో. వంద మీటర్ల టేపు ఒకటి బెంగళూరులోనే కొను, చిన్నాయన చేను కూడా కలిపి కొలుద్దాం. కరెంటు తీగ లాగిస్తానన్న మనిషికి అక్కర్లేదని ఈ ఉత్తరం చదివిన రోజే ఫోను చేసి చెప్పు. చెప్పినట్టు నాకూ ఒక ముక్క రాయి.

ఇట్లు,
మీ పెదనాయన