పిచ్చుక గూటికి తావు
సముద్రపు కోతకు పొడంపేట మత్స్యకారులు పాత ఇళ్లు విడిచి కొత్త కాలనీకి తరలవలసి వచ్చింది. మనిషికి పక్కా ఇల్లు మేలే. పిచ్చుకకు మాత్రం అందులో చూరు సందు దొరకదు. చేరువలోని పురుణాబంధ వంటి ఋషికుల్య తీర గ్రామాలలో ఇందుకే మట్టికుండలు వేలాడదీశారు. కుండను పిల్లికి అందని ఎత్తున, నీడపట్టున కట్టవలెను. ద్వారం 3 సెంటీమీటర్లుంటే చాలును, కాకి దూరలేదు.

పొదుగుటకు దాదాపు 12 రోజులు, పిల్లలు ఎగురుటకు మరి రెండు వారాలు పట్టును. అంతవరకు కుండను కదిలించరాదు. పిల్లల ఆహారం ముఖ్యంగా పురుగులే. పెరటి మొక్కలపై మందు చల్లి, వాకిట నూకలు చల్లినంత మాత్రాన అవి బ్రతకవు.

మనిషి తాకిన పిల్లను తల్లి విడిచిపెట్టునన్న మాట నిజం కాదు. ఈకలు రాని పిల్ల నేలపై పడినచో మెల్లగా గూటిలో ఉంచవచ్చును. ఈకలు వచ్చి గెంతుచున్నదైతే పిల్లిని దూరముంచిన చాలును; తల్లి దాపుననే ఉండును.