ఇంట్లో ఇరవై పరికరాలు, ఒక్క రౌటర్

ప్రశ్న: మాది కావలిలో రెండంతస్తుల ఇల్లు. ఫోన్లు, టీవీలు, సీసీ కెమెరాలు కలిపి ఇరవై దాకా ఉంటాయి. సాయంత్రమైతే నెట్ నత్తనడకే. ఏ రౌటర్ కొనమంటారు?

జవాబు: కొనేముందు, ఫైబర్ వైరు వచ్చే పెట్టెకు ల్యాప్‌టాప్‌ను కేబుల్‌తో కలిపి రాత్రి ఎనిమిదింటప్పుడు స్పీడ్ చూడండి. అక్కడే తక్కువుంటే కొత్త రౌటర్ డబ్బు దండగ. కనెక్షన్ ఇచ్చినవాళ్లను అడగండి.

అక్కడ బాగుంటే వైఫై 6 రౌటర్ తీసుకోండి. ఒకే విడతలో చాలా పరికరాలకు డేటా పంచడం దీని ప్రత్యేకత; పాతవాటిలో ఒక్కోటి వంతు కోసం ఆగాలి. డబ్బా మీద ‘ఏఎక్స్ 5400’ చూసి మురిసిపోకండి. అది అన్ని బ్యాండ్ల వేగాన్నీ కూడి వేసిన అంకె, ఏ ఫోనుకూ అంత అందదు. యాంటెనాల లెక్కా అంతే, సగం షోకు. పోర్టులు గిగాబిట్‌వా కాదా, అది చూడండి.

స్లాబు దాటేసరికి 5 గిగాహెర్ట్జ్ సిగ్నల్ నీరసపడుతుంది. మేడ మీదికి ఒక కేబుల్ లాగి, ఒకే వైఫైగా కలిసి పనిచేసే రెండు యూనిట్ల మెష్ పెట్టడం మేలు. టీవీకి కేబుల్ ఇచ్చేయండి, కెమెరాలను 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండ్ మీద ఉంచండి. రౌటర్‌ను మాత్రం ఇనప బీరువా పక్కన పెట్టొద్దు.