మూడు రంగులు ఎక్కడున్నాయి?

హైస్కూల్లో డ్రాయింగు మాస్టారు ఎరుపు, పసుపు, నీలం ప్రాథమిక వర్ణాలన్నారు. కాలేజీకొచ్చాక ఫిజిక్సు లెక్చరరుగారు పసుపు తీసేసి ఆకుపచ్చ పెట్టారు. అడిగే ధైర్యం లేక రెండూ బట్టీపట్టి పాసయ్యాను.

నా రూమ్మేటు రైల్వే ఉద్యోగానికి మెడికల్ పరీక్షలో తప్పేదాకా మళ్ళీ దాని ఊసెత్తలేదు. చుక్కల బొమ్మల్లో దాగిన అంకెలు వాడికి కనబడలేదట. “దూరంగా ఉన్న బోర్డు నీకంటే ముందే చదువుతానే, నా కళ్ళకేమైందిరా?” అని రాత్రంతా నిద్రపోలేదు. జవాబు నాకూ తెలియదు. మర్నాడు లైబ్రరీకి వెళ్ళాను.

మన రెటీనాలో రంగుల్ని పోల్చుకునే శంకుకణాలు మూడు రకాలు. అవి సుమారు 420, 530, 560 నానోమీటర్ల తరంగదైర్ఘ్యాల దగ్గర ఎక్కువగా స్పందిస్తాయి. (మూడోదాన్ని ‘ఎర్ర’ కణం అంటారుగాని, 560 దగ్గర కనబడేది పసుపు కలిసిన ఆకుపచ్చే!) ఏ కణమైనా ‘ఇంత స్పందించాను’ అని చెబుతుందేగాని, తన మీద పడ్డ కాంతి ఏదో చెప్పలేదు. మూడింటి లెక్కల్నీ పోల్చి రంగు తేల్చేది మెదడు. మన లాబ్‌లోని సోడియం దీపపు పసుపు 589 నానోమీటర్లు. టి.వి. తెరమీది పసుపుచీరలో ఉండేవి ఎర్రచుక్కలూ ఆకుపచ్చచుక్కలూ. పట్టకం ఆ రెండు పసుపుల్నీ వేరుచేస్తుంది, మన కన్ను చేయలేదు. అంటే, మూడు అన్న సంఖ్య కాంతిలో లేదు, కంట్లో ఉంది. ఈ సంగతి 1802లోనే థామస్ యంగ్ ఊహించాడు.

మరి డ్రాయింగు మాస్టారో? ఆయన పూసే రంగులు కాంతిని కలపవు, మింగేస్తాయి. అచ్చాఫీసు సిరాల్లో పసుపు నీలికాంతినీ, మెజెంటా ఆకుపచ్చనీ, సయాన్ ఎరుపునీ మింగుతాయి. ఆ మూడింటితో మన మూడు కణాల్నీ అదుపు చేయొచ్చు. మాస్టారు చెప్పింది దాదాపు నిజమే.

అణువుల డాల్టన్‌కీ ఈ లోపమే ఉండేది. 1794లో తన చూపు గురించి తానే వ్యాసం చదివాడు. కంటిలోపలి ద్రవం నీలంగా ఉండి ఉంటుందనుకున్నాడు. 1844లో ఆయన చనిపోయాక కోసి చూస్తే ద్రవం తేటగానే ఉంది. దాచి ఉంచిన ఆ కంటి డి.ఎన్.ఎ.ని 1995లో పరీక్షిస్తే, మధ్యరకం శంకువుల వర్ణకం లేదని తేలింది.

ఈ లోపం సాధారణంగా తల్లి వైపునుంచి మగపిల్లలకు వస్తుందని చెబితే వాడు నమ్మలేదు. సెలవులకి ఇంటికెళ్ళి మేనమామనడిగాడు. మిరపతోటలో పండుకాయలు కోసే పనికి ఆయన్నెప్పుడూ పిలిచేవారు కాదట. బద్ధకమని అందరూ తిట్టేవారట.