అడవిపందుల నుండి పైరుల రక్షణ : తుపాకి, తూటాల ఎన్నిక



పైరు కోతకు వచ్చిన దినములలో అడవిపందుల మంద ఒక్క రాత్రి చేనిలో దిగినచో నాలుగు నెలల కష్టము మన్నుపాలగును. మొక్కజొన్న, వేరుసెనగ, చెఱకు, వరి మొదలగు పైరులలో పంది తినునది కొంత. త్రొక్కియు, మోరతో త్రవ్వియు పాడుచేయునది అంతకు మించి. అట్టి చేనిని తెల్లవారి చూచిన రైతు “ఎంత బలమైన తుపాకి కావలెను?” అని అడుగుట సహజము. కాని అంతకు ముందు అడుగవలసిన ప్రశ్న వేఱొకటి కలదు. పందిని తాకిన పిమ్మట గాని, గురి తప్పిన పిమ్మట గాని, ఆ గుండు ఎచ్చట ఆగును? ఈ ప్రశ్నకు సమాధానము తెలిసినవానికి తుపాకి యెన్నిక సులభమగును.

1. అనుమతి

అడవిపంది 1972 సంవత్సరపు వన్యప్రాణి సంరక్షణ చట్టమునకు లోబడిన జంతువు. 2022 సవరణ ననుసరించి అది రెండవ షెడ్యూలులో చేరియున్నది. నిలిచియున్న పైరునకు హాని చేయుచున్నప్పుడు దానిని చంపుటకు 11వ సెక్షను క్రింద ముఖ్య వన్యప్రాణి సంరక్షకుడు గాని, ఆయనచే అధికారము పొందిన అధికారి గాని వ్రాతమూలముగ అనుమతి నీయవచ్చును. అట్టి అనుమతి లేక తన చేనిలోనే కాల్చినను నేరమే. అనుమతితో చంపిన పంది సర్కారు సొత్తగును. దాని మాంసమును పంచుకొనుటకు గాని అమ్ముకొనుటకు గాని రైతునకు హక్కు లేదు.

తుపాకికి లైసెన్సు వేఱు. 1959 ఆయుధముల చట్టము పైరుల రక్షణకై నోటినుండి మందు దట్టించు తుపాకికి లైసెన్సు నీయవచ్చునని చెప్పుచున్నది. అది చాలదని అధికారికి తోచినచో మఱియొక నున్నని గొట్టపు తుపాకికి ఈయవచ్చును. చాలమంది రైతులు స్వయముగ కాల్చరు. అనుమతి పొందిన వేటగానిని పిలిపింతురు. అట్టివారును ఈ సంగతులు తెలిసికొనవలెను. ఏలయన చేను తమది, చుట్టు నుండు జనము తమవారు.

2. పంది శరీరము

ఎదిగిన మగపంది నూఱు కిలోలకు మించి తూగవచ్చును. దాని భుజములపై దళసరి చర్మము, దాని క్రింద గట్టి మృదులాస్థివంటి కవచము ఉండును. గుండెకాయ మనమనుకొనుదానికంటె క్రిందుగా, ముందుకాళ్ల నడుమ నుండును. కావున వీపును గాని పొట్టను గాని గురిచూచిన దెబ్బ ప్రాణము తీయదు. పంది ప్రక్కకు తిరిగి నిలిచినప్పుడు, ముందుకాలి వెనుక, శరీరపు ఎత్తులో క్రింది మూడవ భాగమున గురి పెట్టవలెను. ఎదురుగా వచ్చుచున్న పందిపై కాల్పు మంచిది కాదు.

3. బోరు, కాలిబరు అనగా నేమి

నున్నని గొట్టపు తుపాకిని బోరుతో లెక్కింతురు. గొట్టములో సరిగా పట్టు సీసపు గుండ్లు పండ్రెండు కలిసి ఒక పౌను తూగినచో అది 12 బోరు. రైఫిలు గొట్టము లోపల మెలితిరిగిన గాడులుండును. గుండు గిరగిర తిరుగుచు దూరము సూటిగా పోవును. రైఫిలును గొట్టపు వెడల్పుతో అంగుళములలో లెక్కింతురు. .315 అనగా అంగుళములో వేయింట 315 పాళ్లు, అనగా ఎనిమిది మిల్లీమీటర్లు. గుండు వెడల్పు మాత్రమే బలమును తెలుపదు. గుండు బరువు, వేగము, తాకినప్పుడు విచ్చుకొను గుణము అను మూడింటిని చూడవలెను.

4. ఏది తగును, ఏది తగదు

.22 రైఫిలు: దీని దెబ్బ బలము నూటికి పైబడిన అడుగు-పౌనులు మాత్రమే. కుందేలునకు చాలినది పందికి చాలదు. గాయపడిన పంది పొదలలోనికి పోయి బాధతో చచ్చును, లేదా మఱునాడు కలుపు తీయు కూలీలపై తిరుగబడును. శబ్దము తక్కువ, ఖర్చు తక్కువ యని దీనిని వాడరాదు.

12 బోరు తుపాకి, రవల తూటాలు: పక్షులకు వాడు సన్నరవ పందికి ఎంతమాత్రము పనికిరాదు. పెద్ద రవలగు ఎల్.జి. తూటా ముప్పది గజముల లోపల పని చేయును. అంతకు మించినచో రవలు చెదరి గాయము మాత్రమే చేయును.

12 బోరు తుపాకి, ఒంటి గుండు: ఔన్సు బరువుగల సీసపు గుండు దగ్గఱలో రెండువేల అడుగు-పౌనులకు పైబడిన బలముతో తాకును. ఏబది గజముల లోపల పందికి ఇది చాలును. అయితే గొట్టపు మూతి సన్నముగ చేయబడిన చోకు తుపాకిలో దానికై తయారు కాని గుండును కాల్చరాదు; గొట్టము ఉబ్బుట, పగులుట సంభవించును.

.315 రైఫిలు: మన దేశమున బెంగాలులోని ఇషాపురపు కర్మాగారములో తయారై విరివిగా దొరకినది ఇదియే. .303 తూటా సైన్యమునకు చెందినదగుటచే సామాన్యులకు నిషిద్ధము, దాని తావున.315 ప్రచారములోనికి వచ్చినది. బరువైన గుండు, మితమైన వేగము గలిగి నూఱు గజముల లోపల పందిని నిశ్చయముగ పడగొట్టును.

.30-06 రైఫిలు: .315 కంటె బలమైనది, దూరమున సూటియైనది. పందిని చంపుటకు ఇంత బలము అక్కఱలేదు. తప్పిన గుండు రెండు మైళ్లకు మించి పోగలదు. .375 మాగ్నము పెద్ద మృగములకై చేసినది. చేనిలో దానికి పని లేదు.

రైఫిలు ఏదైనను మెత్తని మొనగల తూటానే వాడవలెను. అది పంది శరీరములో విచ్చుకొని బలమును అందే ఖర్చు చేయును. పూర్తిగా లోహపు తొడుగుగల గుండు పందిలోనుండి దూసికొని ఆవలికి పోవును. ఆవల ఏమున్నదో రాత్రివేళ ఎవరు చెప్పగలరు?

5. గుండు ఆగు చోటు

పల్లపు భూములలో చేలు ఒకదాని నొకటి ఆనుకొని యుండును. ప్రక్క చేనిలో మఱియొక రైతు మంచెపై కావలియుండును; గట్టు మీద కూలి పండుకొనియుండును; బోరుబావి యొద్ద నీరు మలుపుటకు వచ్చిన బాలుడుండవచ్చును. ఇట్టి చోట్ల 12 బోరు ఒంటి గుండే ఉత్తమము. రైఫిలును, వెనుక గుట్టయో ఎత్తైన మట్టికట్టయో ఉన్నచోట మాత్రమే వాడవలెను.

మంచె యీ విషయమున గొప్ప సహాయము. పండ్రెండు అడుగుల మంచెపై కూర్చుండి ముప్పది గజముల దూరమున నున్న పందిని కాల్చినచో, సమతలమైన చేనిలో ఆ గుండు పందికి వెనుక నాలుగైదు గజములలోనే నేలలో దిగును. నేలపై నిలిచి కాల్చిన గుండు మన్నును ఒరసికొనుచు పోయి, రాతిని గాని నీటిని గాని తాకి యెగురవచ్చును. మంచె ఖర్చు తూటాల ఖర్చుకంటె తక్కువ. అది మిగిల్చు ప్రాణమునకు వెల లేదు.

కదలుచున్న ఆకును చూచి గాని, చప్పుడు విని గాని కాల్చరాదు. దీపపు వెలుగులో పంది ఆకారము సంపూర్ణముగ కనబడవలెను. ఆ రాత్రి కాల్పు జరుగునని ఇరుగుపొరుగు రైతులకు సాయంకాలమే తెలుపవలెను.

6. గాయపడిన పంది

దెబ్బ తిన్న పంది వెంట రాత్రి పోరాదు. తెల్లవారిన పిదప ఇద్దఱు ముగ్గురు కలిసి, తుపాకి గలవాడు ముందు నడువగా, రక్తపు జాడను వెదకవలెను. మగపంది కోఱ మనుష్యుని తొడను చీల్చగలదు.

7. చేయరాని పనులు

చేని చుట్టు కరెంటు తీగ పఱచుట, పిండిలో మందుగుండు చుట్టి యుంచుట, విషము పెట్టుట నేరములు. తీగకు పంది, ఎద్దు, మనిషి అను భేదము తెలియదు. తన తీగకే తాను బలియైన రైతులును కలరు.

పంది యొకటి పడినంత మాత్రమున మంద మరలి రాకుండ పోదు; కంచె, కందకము, కావలి వీనితో కూడిననే తుపాకి ఫలించును. పైరు పోయినచో వచ్చు కారునకు మఱల విత్తవచ్చును. పొరుగువాని బిడ్డపై పడిన గుండును మరలించు ఉపాయము లేదు. కావున గుండు ఆగు చోటును పగటివేళనే చూచుకొని, దానికి తగిన తుపాకిని ఎన్నుకొనుడు.