మోకాలి లోతు వాగులో తెప్ప

నాలుగు లారీ ట్యూబులు, రెండు వెదురు బొంగులు దొరికితే చాలు, వాగులో తెప్ప వేద్దామంటాడు ఒకడు. "మోకాలి లోతే కదరా!" అంటాడు ఇంకొకడు. అడగాల్సింది లోతు కాదు, వేగం.

నీటి తోపుడు వేగం వర్గంతో పెరుగుతుందని ఫ్లూయిడ్ మెకానిక్స్‌లో రాసి మార్కులు తెచ్చుకున్నవాళ్లమే. సెకనుకు 1 మీటరు వేగంతో వచ్చే నీరు అర చదరపు మీటరు ఒంటిని తోస్తే సుమారు 25 కిలోల బరువు మోపినట్టు. 2 మీటర్ల వేగమైతే 100 కిలోలు.

ఇప్పుడు వాగుకి అడ్డంగా ఓ తుమ్మచెట్టు పడుందనుకోండి. నీళ్లు కొమ్మల సందుల్లోంచి పోతాయి, మనం పోము. వడకట్టులో టీ పొడిలా ఆగిపోతాం, ఆ 100 కిలోలు వీపు మీంచి దిగవు. పెద్ద నదిలోనైతే పక్కకి తప్పుకోవచ్చు, వాగులో ఆ వెడల్పేదీ? అందుకే ముందు గట్టు వెంట నడిచి చూడాలి. మలుపు అవతల ఏముందో కనబడకపోతే తెప్ప ఒడ్డుకి లాగాలి. తప్పించుకోలేక చెట్టుకి తగిలితే చెట్టు వైపే ఒరగాలి. భయపడి వెనక్కి ఒరిగితే ఎగువ అంచు మునిగి తెప్ప తిరగబడుతుంది.

నీళ్లలో పడితే లేచి నిలబడొద్దు. రాళ్లలో పాదం ఇరుక్కుంటే ప్రవాహం మనిషిని బోర్లా పడేస్తుంది, అప్పుడు మోకాలి లోతు చాలు. వెల్లకిలా తేలుతూ, కాళ్లు దిగువకి పెట్టి, చేతులతో ఒడ్డు వైపు ఈదాలి. లైఫ్ జాకెట్ ఈతగాడికీ కావాలి. తాడుతో తెప్పకి కట్టుకోకూడదు.

2014 జూన్ 8న హిమాచల్‌లో బియాస్ నది రాళ్ల మీదున్న 24 మంది హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు కొట్టుకుపోయారు. ఎగువ డ్యామ్ వదిలిన నీరది. దిగే ముందు ఎగువన వాన పడుతోందా, గేట్లున్నాయా అని ఊళ్లో అడగండి. నీటి రంగు మారి చెత్త కొట్టుకొస్తుంటే వెంటనే ఒడ్డెక్కండి, తెప్ప పోతే పోనీ.